మూడో కంపెనీ

జూన్ 8

ఆయన ట్రైనింగ్ అయిపోయింది, రేపు వస్తున్నారు. హెవీ లైసెన్సు చేతికొచ్చిందట, పెద్ద ట్రైలర్ వెనక్కి తిప్పడం కూడా వచ్చేసిందట. ఫోనులో గొంతు చాలా హుషారుగా ఉంది. నాకూ సంతోషమే. ఆయన లేని ఈ రోజుల్లో ఇల్లు శుభ్రంగా ఉంది. పొద్దున్నే కిటికీ తీసి ఒక్కదాన్నే కూర్చుని టీ తాగాను. ఇందులో రాయడానికేముందో తెలియదు కానీ రాశాను.

ఈ డైరీ మా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్టూడెంట్లకు పంచగా మిగిలింది. ప్రతి పేజీ కిందా 'మీ భవిష్యత్తు మా బాధ్యత' అని అచ్చు వేసి ఉంది. నా భవిష్యత్తు కూడా అందులోనే కలిపేసుకున్నారేమో.

జూన్ 9

వచ్చారు. బ్యాగు దించకుండానే వంటింట్లోకి వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూశారు. తర్వాత నా మొహం చూశారు.

జూన్ 11

అమీర్‌పేటలో ఏ కంప్యూటర్ కోర్సులో చేరాలన్నా స్టూడెంట్లు ముందు రెండు మూడు చోట్ల డెమో క్లాసులు విని, చివరికి ఎవరో ఒక కౌన్సెలర్ ముందుకొచ్చి కూర్చుంటారు. ఆ కౌన్సెలర్ నేనే. కుర్చీలోంచి లేచేలోపు వాళ్లు తేల్చుకోవాలి, తేల్చుకున్నది తామేనని అనుకోవాలి. మొదట చప్పటి కోర్సు చూపిస్తాను. తర్వాత బాగుంటుంది గానీ ఎక్కడో గుచ్చుకునేది చూపిస్తాను. మూడోది మేం అమ్మదలుచుకున్నది. దాన్ని మాత్రం పొగడను. 'ఇది మీకు కష్టమేమో, ఆలోచించుకోండి' అంటాను. అప్పుడు చేరతారు. మా డైరెక్టర్ కొత్త పిల్లలకు నన్ను చూపించి 'సుమశ్రీ మేడంని చూసి నేర్చుకోండి' అంటాడు.

సాయంత్రం దిగేసరికి మెట్ల కింద కొబ్బరిబోండాల బండి పక్కన ఆయన నిలబడి ఉన్నారు. ట్రైనింగుకు వెళ్లకముందు రోజూ ఇదే. కారు అమ్మేసి క్యాబ్ మానేసినప్పటి నుంచి ఇదే.

"మధురానగర్‌లో మన ఇల్లెంత దూరమండీ, నేను రాలేనా?" అన్నాను.

"ఖాళీయే కదా" అన్నారు.

బిల్డింగు వాచ్‌మన్ సాయిలు స్టూలు మీంచి నవ్వాడు. "సార్ మల్ల డ్యూటీ ఎక్కిండు" అన్నాడు. నేనూ నవ్వాను. దారంతా నా సంచీ ఆయనే మోశారు. నాలుగడుగులకోసారి పక్కకి తిరిగి చూస్తూనే ఉన్నారు, నేనెక్కడో జారి పడిపోతానన్నట్టు.

జూన్ 13

ఫ్లాట్‌బెడ్ బండే నడుపుతారట. అంటే పైకప్పూ పక్క తలుపులూ లేని ట్రైలరు, ఉత్త ఇనప బల్ల. దాని మీద కాయిళ్లనే పెద్ద స్టీలు రేకు చుట్టలు, పైపులు, ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి గొలుసులతో కట్టి తీసుకెళ్తారు. కంటెయినర్ బండి అయితే ఎండా వానా తగలకుండా సరుకు లోపలుంటుంది కదా అంటే, "వెనక ఏం మోస్తున్నానో నాకు కనబడాలి సుమా" అన్నారు. కొత్త డ్రైవరును తీసుకునే కంపెనీలు మూడు దొరికాయి. అడ్రసులు నా ముందు పెట్టారు.

"నాకేం తెలుసని?" అన్నాను.

"ఊళ్లో వాళ్లందరికీ దారి చూపిస్తావు. మొగుడికి చూపించవా?" అన్నారు నవ్వుతూ.

సరే అన్నాను. ఎవరైనా సరే అనే అంటారు.

జూన్ 15

మొదటి కంపెనీ జోగారావు గారిది. మా తుని వైపు మనిషే. సిటీ చుట్టుపక్కల బిల్డింగులకు ఇనుము తోలడం, సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేయడం. యూసుఫ్‌గూడలో వాళ్లింటి వరండాయే ఆఫీసు. జోగారావు గారు "మనోడివి, రేపే వచ్చెయ్" అన్నారు. కాఫీ ఇచ్చారు.

బయటికొచ్చాక ఈయన మొహం వెలిగిపోతోంది. "రోజూ ఇంటికొచ్చేయొచ్చు" అన్నారు.

ఆటో ఎక్కేదాకా ఆగాను. ఎక్కాక, "ఇంత కష్టపడి ట్రైలర్ నేర్చుకుంది ఇటుకబట్టీ బండిలా సందుల్లో తిప్పడానికా అని" అన్నాను. జీతం కూడా తక్కువే అన్నాను. తక్కువ అన్నది నిజమే కదా, నేనేమీ కల్పించలేదు.

జూన్ 18

పంజాగుట్టలో ఉమర్ భాయ్ ఆఫీసుకి వెళ్లాం. ఫ్లైఓవర్ దిగాక లోపలి సందులో, కళ్లజోళ్ల షాపు మీద ఒక గది. కొద్దిపాటి ట్రైలర్లు ఉన్నాయి, విశాఖ నుంచి స్టీలు తెస్తారు. వారానికోసారి ఇంటికి రావచ్చు. నాకిచ్చిన కుర్చీకి ఒక కాలు పొట్టి.

ఉమర్ భాయ్ లైసెన్సు తీసి కూడా చూడలేదు. వెనక ఖాళీ జాగాలోకి తీసుకెళ్లాడు. అక్కడ చక్రాలు ఊడదీసిన పాత ట్రైలర్ బల్ల ఒకటి ఇటుకల మీద పెట్టి ఉంది. దాని మీద పెద్ద ఇనప డ్రమ్ము, పక్కన గొలుసుల కుప్ప.

"భాయ్, జర కట్టి చూపించు. ఫికర్ చేయకు, నిమ్మళంగ కట్టు" అన్నాడు.

ఈయన ఎండలో చెమటలు కక్కుతూ కట్టారు. కట్టడం అయ్యాక ఉమర్ భాయ్ గడ్డపార తెచ్చి డ్రమ్ము కింద పెట్టి ఎత్తాడు. డ్రమ్ము కదిలింది. మళ్లీ విప్పించి కట్టించాడు. అలా కదలనంత వరకూ కట్టిస్తూనే ఉన్నాడు.

"బండి నడపడం అందరికొస్తది. కట్టినంక నిద్ర పట్టాలె, గదే ముఖ్యం" అన్నాడు. తర్వాత షరతు చెప్పాడు. ఏడాదిపాటు రెండో సీట్లో, మక్సూద్ భాయ్ అనే సీనియర్ డ్రైవర్ పక్కన. మక్సూద్ భాయ్ సరేనన్నాకే ఈయన సొంతంగా నడపడానికి బండి.

ఇంటికొస్తుంటే ఈయన తన చేతులు చూసుకుంటున్నారు, గొలుసు రాసుకుని ఎర్రబడ్డాయి. "మనిషి గట్టోడు. నాకు నచ్చాడు" అన్నారు.

"నాకూ నచ్చాడండి. మంచివాడే" అన్నాను. కాస్త ఆగి, "ఈ వయసులో ఏడాదిపాటు ఒకరి పక్కన కూర్చోవడం మీకు బాధనిపించదూ?" అన్నాను.

అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నాకు తెలుసు తగులుతుందని.

జూన్ 21

మూడోది అవనిజ కారియర్స్. అదీ పంజాగుట్టే గానీ అద్దాల బిల్డింగు, ఏసీ, పైన పేద్ద ట్రైలర్ మీద గాలిమర రెక్క ఉన్న ఫోటో. సుష్మిత అనే హెచ్ఆర్ అమ్మాయి నవ్వుతూ మాట్లాడింది. గుజరాత్, రాజస్థాన్ లోడ్లు. ఒకసారి బయల్దేరితే నెలలు. జీతం బాగా ఎక్కువ. చేరిన వారంలోనే సొంత బండి, పక్కన ఎవరూ ఉండరు.

దార్లో ఆయనే అడిగారు, "ఎలా ఉంది?"

"బాగానే ఉంది గానీ అన్నేసి రోజులు బయట... మీకు కష్టమేమో. ఆలోచించుకోండి" అన్నాను.

నోట్లోంచి వచ్చాక విన్నాను ఆ మాట. మెట్రో పిల్లరు పక్కన రెడ్ సిగ్నల్ పడి ఆటో ఆగింది. ఒక బైకు వాడు ఊరికే హారను కొడుతున్నాడు. వాడి మీద నాకెందుకో చచ్చేంత కోపం వచ్చింది.

జూన్ 22

అవనిజలోనే చేరతానన్నారు. జూలై ఏడున రమ్మన్నారట. "నువ్వేమంటావు?" అంటే "మీ ఇష్టమండి" అన్నాను.

అన్ని విధాలా అదే మంచిది. జీతం మంచిది, ఆఫీసు మంచిది, పీఎఫ్ ఉంది. ఎవరిని అడిగినా అదే చెప్తారు. మా చెల్లెలు రాగసుధకి ఫోను చేసి చెప్తే అదీ అదే చెప్పింది. కాకపోతే చివర్లో, "బావగారు అన్నాళ్లు లేకపోతే నువ్వెలా ఉంటావే అక్కా, నిన్ను కాలు కింద పెట్టనివ్వరు కదా, అదృష్టవంతురాలివి" అంది. సాంబారు పొంగుతోందని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

జూన్ 25

మధ్యాహ్నం బాక్సు తిని మెట్ల దగ్గర నిలబడితే సాయిలు అడిగాడు, సార్ ఎక్కడ చేరుతున్నారని. చెప్పాను. స్టూలు మీంచి లేచి దగ్గరికొచ్చాడు.

"మేడం, నేను వాచ్‌మన్‌గ రాకముందు గా కంపెనీలనే డ్రైవర్‌గ చేసిన. కొత్తోళ్లకు అరిగిపోయిన గొలుసులిస్తరు. మంచియి పాతోళ్లు ముందే తీస్కపోతరు. కాయిల్ లోడ్ మీద బ్రేకు కొట్టినప్పుడు గొలుసు తెగితే, గా కాయిలు దొర్లుకుంట వచ్చి క్యాబిన్ మీదనే పడ్తది. నా కండ్ల ముంగట అయింది. గందుకే ఇడ్సిపెట్టి వచ్చిన. సార్‌కు జర చెప్పుండ్రి."

"చెప్తాను సాయిలన్నా" అన్నాను.

"మర్సిపోకుండ్రి."

సాయంత్రం చెప్దామనుకున్నాను. ఆయన కొత్త బూట్లు కొనుక్కొచ్చి తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడుస్తున్నారు. ఆ సంతోషం మీద నీళ్లు చల్లడమెందుకు? రేపు చెప్తాను.

జూన్ 26

ఒక్క మనిషి మాట పట్టుకుని నిర్ణయాలు మార్చుకోకూడదు. మానేసినవాడు కంపెనీని మెచ్చుకుంటాడా? మా ఇన్‌స్టిట్యూట్ మానేసిన ట్రైనర్లు మా గురించి ఏం చెప్పుకుంటారో నాకు తెలియదా? సాయిలు ఎప్పటి మాటో చెప్తున్నాడు. ఇప్పుడు గొలుసులన్నీ మార్చి ఉంటారు. అంత పెద్ద కంపెనీ.

రేపు చెప్తాను.

జూన్ 27

అవనిజకి ఫోను చేశాను, గొలుసుల గురించి అడుగుదామని. సుష్మిత 'హలో' అనగానే పెట్టేశాను.

జూన్ 29

చెప్పలేదు.

జూలై 2

మెట్లు దిగుతుంటే సాయిలు "చెప్పిండ్రా?" అని అడిగాడు. చెప్పానన్నాను. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో. నా నోటికి అలవాటే కదా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని ఎంతమందికి చెప్పలేదు.

అసలు ఆయన చేసిన తప్పేంటి? తాగరు. తిట్టరు. పొద్దున టీ ఆయనే పెడతారు. సోమాజిగూడ హాస్పిటల్లో రెండోసారి కూడా కడుపు నిలవనప్పుడు, నేను గోడవైపు తిరిగి పడుకుంటే, మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తూ ఉండిపోయారు. ఇంటికొచ్చాం. ఆయన మాత్రం ఆ స్టూలు మీంచి లేవలేదు. స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడతారు. ఫోనొస్తే ఎవరని అడుగుతారు. ఎప్పుడు తలెత్తినా ఆ చూపే. ఆ చూపు పడగానే నేను మళ్లీ ఆ మంచం మీదే ఉంటాను.

మంచివాడి మీద కోపం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పినా, నీకు కొవ్వెక్కిందే అంటారు.

ఆయన ట్రైనింగులో ఉన్న రోజుల్లో నాకు హాస్పిటల్ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నాకు కావాల్సిందంతా అదే. ఆయనకేదో అవ్వాలని నేనెప్పుడూ అనుకోలేదు. దేవుడి మీద ఒట్టు.

జూలై 4

ఈ రోజు మెట్ల కింద లేరు. హాయిగా నడిచి ఇంటికొచ్చాను, దార్లో మిర్చిబజ్జీ తిన్నాను. ఆయన చీకటి పడ్డాక వచ్చారు, ఎక్కడికెళ్లారో చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూలై 5

సోమవారం వెళ్తారు. ఇంకా ఒక రోజు ఉంది. రేపు ఆదివారం. రేపు తప్పకుండా.

జూలై 6

పొద్దున్నే బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టారు. నేను చొక్కాలు మడతపెట్టి ఇస్తున్నాను. నాలుగు చొక్కాలు ఇచ్చేదాకా మామూలుగానే ఉన్నాను. ఐదోది నీలం రంగుది, మెడ దగ్గర నేనే కుట్టు వేసిన చొక్కా. అది మడతపెట్టలేక చేతిలోనే పట్టుకున్నాను.

"అక్కడ గొలుసులవీ ఒకసారి సరిగ్గా చూసుకోండి" అన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఎందుకు?"

"ఊరికేనండి. కొత్త కదా."

"ఊరికే అన్నావా?"

ఆయన మంచం మీద కూర్చున్నారు. "సాయిలు నాకు చెప్పాడు సుమా. నీకు చెప్పకముందే చెప్పాడు. డ్రైవరూ డ్రైవరూ మాట్లాడుకోరా? మా ఆవిడకు కూడా మెల్లగా చెప్పు, నాకు తెలుసని మాత్రం చెప్పకు అన్నాను. నువ్వొచ్చి నాకు చెప్తావని రోజూ చూశాను."

గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాకు ముందొచ్చింది సిగ్గు కాదు, కోపం. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నాకు పరీక్ష పెట్టారా?" అన్నాను.

"పెట్టాను. తప్పే" అన్నారు. "కానీ నువ్వు ఆ పరీక్ష ఎలా తప్పావో చూడు. ఇంట్లో ఉండొద్దంటే ఉండను. ఆ ఒక్క మాట చెప్పడానికి నన్ను కాయిల్ కింద పడుకోబెట్టాలా?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, ఇద్దరం అరుచుకుని అన్నం తినేవాళ్లం. చొక్కా ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుండిపోయాను. "నాకు ఊపిరాడట్లేదండి. మీరు నన్ను చూస్తుంటే నాకు ఊపిరాడట్లేదు" అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో నేను అన్న మొట్టమొదటి నిజమైన మాట అదేనేమో.

"తెలుసు" అన్నారు.

"తెలిసీ ఎందుకండీ?"

"హాస్పిటల్ నుంచి వచ్చిన వారంలో ఒక రోజు నువ్వు మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడ్డావు. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నీకు గుర్తుందో లేదో. అప్పటి నుంచి నిన్ను వదిలి ఉండాలంటే భయం. కారు అందుకే అమ్మేశాను. గిరాకీ లేదని చెప్పాను గానీ, అందుకే."

నాకు ఆ మేడ గుర్తుంది. బట్టలు తీయడానికి వెళ్లాను. బట్టలు తీయడానికే వెళ్లాను అనుకుంటున్నాను.

"మరి ట్రైనింగుకి ఎలా వెళ్లారు?" అన్నాను.

"కింద ఇంటి ఖాతూన్ ఆంటీకి రోజూ రెండుసార్లు ఫోను చేసేవాణ్ని. నువ్వు బాగున్నావంది. కిటికీ దగ్గర కూర్చుని పాటలు పెట్టుకుని టీ తాగుతున్నావంది. అది విని సంతోషమేసింది. తర్వాత ఏడుపొచ్చింది" అన్నారు.

ఇద్దరం ఏడ్చాం. దగ్గరికి మాత్రం జరగలేదు.

శుక్రవారం ఉమర్ భాయ్ దగ్గరికే వెళ్లారట. రెండో సీటుకి ఒప్పుకుని వచ్చారట. ఈ బ్యాగు అవనిజకి సర్దింది కాదు. ఉమర్ భాయ్ యార్డులో డ్రైవర్లు పడుకునే గది ఉందట, అక్కడ ఉంటారట.

"వారానికోసారి సిటీకొస్తాను. వచ్చినప్పుడల్లా ఫోను చేసి అడుగుతాను. రమ్మంటే వస్తాను, వద్దంటే రాను. రెండిట్లో ఏదైనా నిజం చెప్పు, చాలు" అన్నారు.

నీలం చొక్కా నా ఒళ్లోనే ఉండిపోయింది. బ్యాగు తీసుకుని వెళ్లేటప్పుడు ఆయన అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

జూలై 7

మెట్లు దిగుతుంటే సాయిలు మొహం తిప్పుకున్నాడు. సరిగ్గానే తిప్పుకున్నాడు.

ఒక పిల్ల వచ్చింది, ఏలూరు నుంచి. టెస్టింగా, డేటానా, ఏఐనా అని అడిగింది. నేను మూడోది ఎత్తనే లేదు. "నీకేం కావాలమ్మా?" అన్నాను. అది బిత్తరపోయి పక్క ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిపోయింది. డైరెక్టర్ పిలిచి, ఒంట్లో బాగుందా మేడం అని అడిగాడు.

జూలై 9

మక్సూద్ భాయ్ బండిలో విశాఖ బయల్దేరారు. ఒక ఫోటో పంపారు, ఖాళీ బల్ల మీద గొలుసులు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ కొత్తవి. కింద ఏమీ రాయలేదు. నేను ఆ ఫోటోను పెద్దది చేసి ఒక్కో గొలుసూ చూశాను. నాకు గొలుసుల గురించి ఏం తెలుసని?

జూలై 10

కిటికీ తీశాను. టీ పెట్టుకున్నాను. అనుకున్నంత బాగాలేదు. బాగాలేకుండా కూడా లేదు.

జూలై 12, శనివారం

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఫోను మోగింది.

"లోడు దించేశాం. కాయిళ్లు. నేనే కట్టాను, మక్సూద్ భాయ్ ఒక్కసారే విప్పించాడు" అన్నారు. గొంతులో గర్వం తెలుస్తోంది. వెనక ఎవరో నవ్వుతూ, "పాస్ అయిండని చెప్పు భాబీకి" అనడం వినిపించింది.

"తిన్నారా?" అన్నాను.

"ఇంకా లేదు." గొంతు తగ్గించారు. "రానా?"

రమ్మనడానికే నోరు తెరిచాను. పిలిస్తే సంతోషిస్తారు, రాత్రికి పప్పుచారు పెడతాను, గొలుసుల కబుర్లు చెప్తారు, పొద్దున్నే లేచి టీ పెట్టి నా మొహంలోకి చూస్తారు. అక్కడికి వచ్చేసరికి మళ్లీ ఆ హాస్పిటల్ మంచం మీదే ఉన్నాను. నిజం చెప్పమన్నారు కదా.

"ఈ వారం వద్దండి" అన్నాను.

"సరే సుమా. పడుకో, అలిసిపోయుంటావు" అన్నారు. గొంతులో కోపం లేదు. ఫోను పెట్టేశారు.

మా ఆయనతో అబద్ధం ఆడలేదు. అమ్మలేదు, తిప్పలేదు. బరువు దిగిపోవాలి నిజానికి. అన్నం ఒక్కదానికే వండుకుని, ప్లేటు ముందు పెట్టుకుని, ఫోను పక్కనే ఉంచుకున్నాను. ఇంకొక్కసారి అడుగుతారేమో, అడిగితే రమ్మంటానని చూస్తూ కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. ఆయన అడగలేదు.